నర్సింహులు గొంతు

జూన్ 9

కేదార్ అనే డైరెక్టరు ఫోన్ చేశాడు. కొత్తవాడు, ఇదే మొదటి సినిమా. అందులో నర్సింహులు హీరోగా చేశాడట, డబ్బింగ్‌కి నన్ను రమ్మన్నాడు. నర్సింహులు హీరో ఏమిటని నవ్వొచ్చింది. పైకి మాత్రం డేట్లు చూసి చెబుతానన్నాను. చూడ్డానికి డేట్లేం ఉన్నాయి. ఈ నెల మొత్తం మీద నాకున్నది ఒక ప్రెషర్ కుక్కర్ ప్రకటన, అందులోనూ తాతయ్య గొంతు.

నర్సింహులు మొహానికి నా గొంతు అతికి ఇరవై ఏళ్లు దాటింది. అతను బోరబండ మనిషి, మాట పక్కా తెలంగాణ. మొదటి సినిమాలో ఆ యాస జనానికి పట్టదన్నారు, గోదావరి జిల్లావాణ్ణని నన్ను పిలిచారు. ఆ సినిమా ఆడింది. ఆ తర్వాత దొంగ సర్పంచి, హీరోయిన్ మేనమామ, విలన్ పక్కన గొడుగు పట్టేవాడు, వేషం ఏదైనా మొహం అతనిది, మాట నాది. పెళ్లిళ్లలో అతన్ని పట్టుకుని డైలాగు చెప్పమంటారట. చెప్పాక, సినిమాలో ఉన్నట్టు లేదని పెదవి విరుస్తారట. అతనే ఒకసారి నవ్వుతూ చెప్పాడు. నాకూ నవ్వొచ్చింది.

నన్నయితే ఎవరూ గుర్తుపట్టరు. కానీ మధురానగర్‌లో కూరగాయల బండి దగ్గర నిలబడి టమాటా ఎంత అన్నానంటే చాలు, పక్కనున్నవాళ్లు తిరిగి చూస్తారు. అదో సరదా.

జూన్ 11

కేదార్ నవల పంపాడు. సినిమా దాని మీదే తీశాడట. పేరు ‘బోరు’. రామ్మోహనరావు గారని, భూగర్భజలాల శాఖలో చేసి, ఈ ఒక్కటీ రాసి పోయారట.

పంజాగుట్ట వెనక ఏదో కాలనీలో బోరు వేస్తారు. రాడ్డు మీద రాడ్డు దిగుతుంది. బండ తగలదు, నీళ్లు పడవు, అడుగు రాదు. లారీలో రాడ్లు అయిపోతాయి, ఇంకో లారీ తెస్తారు. కొన్నాళ్లకి ఆ గొట్టంలోంచి వెచ్చటి గాలి మొదలవుతుంది, ఆగి ఆగి, ఊపిరిలా. కాలనీవాళ్లు ఒక్కొక్కరే మంచాలు మానేసి నేలకి చెవి ఆనించి పడుకుంటారు. అంతే కథ. కింద ఉన్నదేమిటో ఆయన చివరిదాకా చెప్పడు. దానికి పేరు లేదు, మొహం లేదు, పగ లేదు. అది చాలా పెద్దది, చాలా పాతది, దానికి మనతో పనేం లేదు.

మా ఆవిడకి చెబితే, మన అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోయి రెండేళ్లయింది, అందులో భయమేముంది అంది. నిజమే. కానీ పుస్తకం మూశాక నేను కాళ్లు కుర్చీ మీదికి లాక్కుని కూర్చున్నాను.

జూన్ 14

పంజాగుట్ట స్టూడియోకి వెళ్లాను. సౌండ్ ఇంజనీరు బిలాల్ పాతవాడే, నన్ను చూడగానే వేడినీళ్ల ఫ్లాస్కు పెట్టాడు. ఏసీ అంటే నా గొంతుకి విషమని వాడికి తెలుసు. నిర్మాత దుర్గేష్ సోఫాలో ఉన్నాడు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల ఇన్‌స్టిట్యూట్ నడిపి ఇటు వచ్చాడు, ఏ మాటన్నా మధ్యలో ‘క్లారిటీ’ అంటాడు. కేదార్ సినిమా వేశాడు. సెట్లో రికార్డయిన మాటలతోనే, అంటే నర్సింహులు సొంత గొంతుతో.

ఏం చెప్పాలి. నర్సింహులు వేషం బోరు లారీ పోచయ్య. సినిమా మొత్తం ఒక చెవి నేల వైపు వంచి నడుస్తాడు. ఎదుటివాడి ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెబుతాడు. మాట మధ్యలో, ఆగకూడని చోట ఆగిపోతాడు. మిగతాది కింద నుంచి ఎవరో అందిస్తారన్నట్టు ఓపిగ్గా నిలబడతాడు. భయపడాల్సిన చోట ఉల్లిపాయ కొరుకుతాడు. మొదటి అరగంట నాకు నవ్వాగలేదు. ఈ వయసులో ఈయనకిదేం పైత్యం అనుకున్నాను. తర్వాత ఎక్కడో నవ్వు ఆగిపోయింది, ఎక్కడో గమనించలేదు.

చివర్లో పోచయ్య నేల మీద పడుకుని గొట్టానికి చెవి ఆనిస్తాడు. చుట్టూ నిలబడ్డ కాలనీవాళ్లు ఏముందని అడుగుతారు. పక్కింటి కబురేదో చెవిన పడ్డట్టు చిన్నగా నవ్వుతాడు.

“గది మనల్ని సూస్తలేదు,” అంటాడు. ఆగుతాడు. “మనం ఉన్నమన్న సంగతే దానికి తెల్వదు.”

లైట్లు వేశారు. ఆ గొంతు బాగుంది. అది నాకు నచ్చలేదు. రెండూ నిజమే, ఇక్కడ రాసుకుంటే పోయేదేం లేదు.

దుర్గేష్ బాధ వేరు. సినిమా కొనేవాళ్లకి చూపిస్తే దెయ్యం ఏదని అడిగారట. మళ్లీ షూటింగ్ కుదరదు. అందుకని బోరులోంచి ఒక పెద్ద కన్ను పైకి చూస్తున్నట్టు గ్రాఫిక్స్ చేయిస్తున్నాడు. ఆ కన్ను ఎవరిదంటే, ఎప్పుడో పాత బావిలో తోసి చంపేసిన మనిషిది. ఆ పగ సంగతి మాటల్లో పెట్టేస్తే చాలు. షూటింగ్ లేకుండా మాటలు మార్చాలంటే డబ్బింగ్, డబ్బింగ్ అంటే నేను. పేరు కూడా మార్చాడు, ‘పాతాళ నేత్రం’. ‘బోరు’ అని పెడితే రివ్యూ రాసేవాళ్లకి సగం పని మనమే చేసిపెట్టినట్టు అన్నాడు. ఆ ఒక్కటీ ఒప్పుకోవాల్సిందే.

కేదార్ నేల చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మెట్ల దగ్గర నాతో చెప్పాడు. నర్సింహులు ఈ వేషం ఒప్పుకున్నది ఒకే షరతు మీదట. గొంతు తనదే ఉండాలి. కేదార్ సరేనని మాటిచ్చాడు. ఇప్పుడు నిర్మాత వినడం లేదు. వాదించి వాదించి చివరికి దుర్గేష్‌తో ఒక ఒప్పందానికి వచ్చాడట. కొత్త మాటలు ఆ పెదవులకి అతకవని కామేశ్వరరావు గారు, అంటే నేను, గనక అంటే, అలాగే వదిలేస్తారు, నర్సింహులు గొంతే ఉంటుంది. అతుకుతాయంటే మార్చేస్తారు.

అంటే అంతా నా నోట్లో పెట్టారు. ఒక రోజు గడువడిగాను.

జూన్ 15

కుదురుతుందని చెప్పాను.

జూన్ 16

కుదిరేదాన్ని కుదరదని ఎలా చెబుతాం. ఇన్నేళ్ల వృత్తి. పైగా నేను కాదంటే దుర్గేష్ ఊరుకునే రకం కాదు, ప్రవీణ్‌ని పిలుస్తాడు. ప్రవీణ్ కుర్రాడు, ప్రతి మాటనీ వార్తలు చదివినట్టు చదువుతాడు. నర్సింహులుకి అది అన్యాయం.

అతని మేలు కోరే ఒప్పుకున్నాను. ఆ గొంతుతో వదిలితే జనం నవ్వుతారు. లేకలేక వచ్చిన హీరో వేషం.

జూన్ 19

పని మొదలైంది. దుర్గేష్ ఎవరితోనో రాయించిన కొత్త మాటలు ఒక్కటీ పెదవులకి అతకలేదు. ఇందులో పెద్ద విద్యేం లేదు. మ, ప, బ అనేటప్పుడు పెదవులు మూసుకుంటాయి. అవి ఎక్కడ పడ్డాయో చూసుకుని, కొత్త మాటలోనూ అక్కడ అలాంటి అక్షరమే పడేలా చూసుకోవాలి. మిగతాది జనం పట్టించుకోరు. దాదాపు అన్నీ నేనే తిరగరాశాను.

చివరి మాట దగ్గర అందరూ చేతులెత్తేశారు. నేను నాలుగైదు సార్లు చూసి చెప్పాను. “అది మనల్ని చూస్తోంది. మనం వస్తామనే ఇన్నాళ్లు కాచుకుంది.” బిలాల్ బొమ్మ మీద పెట్టి చూశాడు. అచ్చు గుద్దినట్టు కూర్చుంది. దుర్గేష్ లేచి వచ్చి చేయి కలిపాడు, ఇదే సార్ క్లారిటీ అంటే అన్నాడు. కేదార్ టీ తాగి వస్తానని బయటికి వెళ్లాడు.

మిరియాల పాలు తాగాను. గొంతు బాగుంది.

జూన్ 23

ఇన్నేళ్లలో నర్సింహులు ఇంత కష్టపెట్టలేదు. మామూలుగా అతను నోరు ఆడిస్తాడు, నేను ప్రాణం పోస్తాను అనుకునేవాణ్ణి. ఈసారి అతను ఆగే చోట నేను ఆగలేకపోతున్నాను. ఖాళీ వస్తే ఒక నిట్టూర్పో దగ్గో పెట్టి నింపడం నాకలవాటు. అతని ఖాళీలో ఏం పెట్టినా చెడిపోతోంది. చివరికి అతని గొంతు హెడ్‌ఫోన్స్‌లో వేయమన్నాను. చెవిలో అతను, నోట్లో నేను. అలా అయితేనే వస్తోంది.

బిలాల్ మీటలు నొక్కుతున్నాడు. ఎలా ఉందిరా అంటే, “మస్తుంది సార్,” అన్నాడు. కాసేపాగి, “ఆయనది సుత మస్తుండె,” అన్నాడు. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పమన్నాను.

జూన్ 26

మధ్యాహ్నం భోజనం దగ్గర నేను “చారు చాలు” అన్నాను. మా ఆవిడ గరిటె పట్టుకుని ఆగిపోయింది. నేనింకా అడగనే లేదు అంది.

పనిలో లీనమైతే ఇలాంటివి మామూలే.

జూలై 1

బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం. అమీర్‌పేట నుంచే బండ్లు మళ్లించారు, డప్పులు స్టూడియో గోడల్లోంచి కూడా వినిపిస్తాయి కాబట్టి పని లేదు. మా ఆవిడ గుడికి వెళ్లి జనాన్ని చూసి గేటు దగ్గర నుంచే దండం పెట్టుకుని వచ్చింది. నేను ఇంట్లో పడుకుని నవల మళ్లీ చదివాను. దీనికి పగ లేదు, కన్ను లేదు అనుకుంటూ ఆ పెద్దాయన ఎంత జాగ్రత్తగా రాసుకొచ్చాడో. ఒక్క చోట కూడా నోరు జారలేదు. మేం ఆ రెండూ వారంలో పెట్టేశాం.

జూలై 4

నర్సింహులు స్టూడియోకి వచ్చాడు.

కేదార్ లేడు, దుర్గేష్ లేడు, నేనూ బిలాలూ ఉన్నాం. గొంతు మార్చేస్తున్నారని కేదార్ ముందే చెప్పాడట. గొడవ పెట్టుకోవడానికి వచ్చాడేమో అనుకుని నేను కొంచెం బిగుసుకున్నాను. అతను నమస్తే పెట్టి, పక్కన కూర్చుని, ఒక రీలు వినిపించమన్నాడు. బిలాల్ నా గొంతుతో ఉన్నది వేశాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా విన్నాడు. మనిషి బాగా చిక్కాడు. బయట కూడా తల కొంచెం కిందికి వంగే ఉంది. అడిగితే, షూటింగ్ అయినా మెడ ఇంకా నిలబడ్తలేదని నవ్వాడు. ఆ నెలంతా లారీ కిందే పడుకున్నాడట, ఇంటికి పోతే పోచయ్య పోతాడని. నేనయితే వేషం కోసం ఇస్త్రీ చొక్కా కూడా నలపను.

“మంచిగ చెప్పిన్రు అన్నా,” అన్నాడు. “నేను ఆగిన కాడ మీరు సుత ఆగిన్రు. ఇంతకుముందు ఎన్నడు ఆగలే.”

టీ తెప్పించాను. టీ అయ్యాక అసలు సంగతి చెప్పాడు. అతని భార్య చిలకమ్మ అతని సినిమాలు చూడదట. మొదట్లో ఒకటి చూసి, ఇంట్లో మనిషి లోపల ఇంకెవరో దూరి మాట్లాడుతున్నట్టుందని లేచి వచ్చేసిందట. మళ్లీ హాలు గడప తొక్కలేదు. ఈ సినిమాకి వస్తానందట, గొంతు తనదే ఉంటుందని చెప్పాడు కాబట్టి. ఇప్పుడు ఆ మాట ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియడం లేదు.

“సినిమా మొత్తం మీదే ఉండనీయున్రి. నాకు ఫికర్ లేదు,” అన్నాడు. “గా పైపుకు చెవి పెట్టి చెప్పే మాట ఒక్కటి జర నాది ఉంచమని కేదార్ సార్‌కు చెప్పున్రి. గది ఎట్ల వచ్చిందో నాకు సుత తెల్వదు. మల్ల అడిగితే రాదు.”

నువ్వే అడగొచ్చు కదయ్యా అన్నాను.

“నేను అడిగితే బతిమిలాడినట్టు ఉంటది. మీరు చెప్తే పని మాట అయితది. మీ మాట కాదనరు.”

సరే, చెబుతానన్నాను. లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు. చేతులు చల్లగా ఉన్నాయి, ఏసీకి అలవాటు లేదనుకుంటాను.

జూలై 5

కేదార్ రాలేదు.

జూలై 7

కేదార్ వచ్చాడు. దుర్గేష్ కూడా ఉన్నాడు. నిర్మాత ముందు ఇలాంటి మాట ఎత్తకూడదు, మొదటికే మోసం వస్తుంది. రేపు చెబుతాను.

జూలై 8

కేదార్‌కి తలనొప్పిగా ఉందట. ఎందుకులే అని ఊరుకున్నాను.

జూలై 10

ఈ రోజు దాదాపు చెప్పినట్టే. చివరి సీను నీకు తృప్తిగా ఉందా అని అడిగాను. ఏదో ఒకటి సార్ అన్నాడు. అతనికే పట్టనప్పుడు నేను మీద వేసుకోవడం ఏమిటి.

ఇంకోటి కూడా ఆలోచించాలి. రెండు గంటలు నా గొంతు విని, ఒక్క మాట అతని గొంతు వింటే జనానికి ఏమవుతుంది? అన్నంలో రాయి తగిలినట్టు అవుతుంది. అప్పటిదాకా వినిపించింది అతను కాదని తెలిసిపోతుంది. ఇది పని మాటే. ఈ పనిలోని సంగతి నర్సింహులుకి తెలియదు, నాకు తెలుసు.

జూలై 11

నిన్న రాసింది మళ్లీ చదివాను. అది కాదు కారణం. ఆ ఒక్క మాట విన్నాక నా గొంతు ఎవరికి కావాలి. నాకు భయంగా ఉంది. అంతే.

అయినా చెబుతాను. మాటిచ్చాను కదా.

జూలై 12

కుదరలేదు.

జూలై 14

మా ఆవిడ మొహం చూసి ఏమైందంది. గొంతు బాగాలేదన్నాను. మిరియాల పాలు ఇచ్చింది.

జూలై 16

రేపటి నుంచి మిక్సింగ్. మాటలూ సంగీతమూ చప్పుళ్లూ అన్నీ కలిపేస్తే ఇక మార్చడానికి ఉండదు. సాయంత్రం బయల్దేరుతుంటే బిలాల్ తలుపు దగ్గరికి వచ్చాడు.

“సార్, నర్సింహులన్న మాట. కేదార్ సార్‌కు మీరు చెప్తరా, నేను చెప్పాల్నా?”

నేనే చెబుతానన్నాను. అది నువ్వు చెప్పే మాట కాదని కూడా అన్నాను. సరే సార్ అని వైర్లు చుట్టుకోవడానికి వెళ్లిపోయాడు.

మెట్రోలో కేదార్‌కి ఫోన్ చేశాను. రెండు రింగులకే కట్ చేశాను, పక్కన జనం ఉన్నారు. తిరిగి చేశాడు. మధురానగర్ వచ్చేసింది, దిగే తొందరలో తీయలేదు.

జూలై 19

అయిపోయింది. దుర్గేష్ స్వీట్లు పంచాడు. పెద్దాయన లేకపోతే ఈ సినిమా లేదని నన్ను చూపిస్తూ అందరి ముందూ అన్నాడు. బిలాల్ స్వీటు తీసుకోలేదు, షుగర్ అన్నాడు. వాడికి షుగర్ ఎప్పటి నుంచో నాకు తెలియదు.

జూలై 28

కేదార్ ఫోన్ చేశాడు. వేరే పనేదో చెప్పి, చివర్లో మామూలుగా అడిగినట్టే అడిగాడు. నర్సింహులు గారు చివరి మాట గురించి మీతో ఏమైనా చెప్పారా సార్ అని.

ఏ మాట అన్నాను.

మిక్సింగ్ అయిన మర్నాడు నర్సింహులు అతని దగ్గరికి వెళ్లాడట. కామేశ్వరరావన్న మీకేమన్నా చెప్పిండా అని అడిగాడట. నాతో ఏమీ అనలేదే అన్నాడట కేదార్. అయితే ఏం లేదు సార్ అని నర్సింహులు టీ తాగి వెళ్లిపోయాడు. తర్వాత కేదార్‌కి ఆ మాటే చెవిలో తిరుగుతుంటే బిలాల్‌ని అడిగాడు, వాడు జరిగింది చెప్పాడు.

“ఆ ఒక్క మాటా ఉంచమని మీరు అని ఉంటే చాలేది సార్,” అన్నాడు కేదార్. “నేను మీ నుంచి అలాంటి మాట కోసమే కాచుకుని కూర్చున్నాను. మీ పేరు చెప్పి దుర్గేష్ గారిని ఒప్పించేవాణ్ణి. మీరే కుదరదంటున్నారని చెబితే ఆయన ఎదురు చెప్పేవాడు కాదు.”

మరిచిపోయానయ్యా అన్నాను. వయసు అన్నాను. పర్వాలేదు సార్ అని పెట్టేశాడు.

అంటే నేను చెప్పలేదని నర్సింహులుకి తెలుసు.

ఆగస్టు 3

నర్సింహులుకి ఫోన్ చేయాలి.

ఆగస్టు 9

చేయాలి.

ఆగస్టు 21

అతనే చేశాడు. రేపు సినిమా రిలీజు, ఆదివారం బోరబండ నుంచి గల్లీ గల్లీ అంతా అమీర్‌పేట మల్టీప్లెక్సుకి పోతున్నాం, మీరు సుత రావాలె అన్నా అన్నాడు. చిలకమ్మ కూడా వస్తోందట. గొంతులో కోపం ఉందేమో అని చాలా జాగ్రత్తగా విన్నాను. లేదు. నాకు వినడమే పని, ఉంటే దొరికేది.

జ్వరంగా ఉందని చెబుదామనుకున్నాను. వస్తానన్నాను.

ఆగస్టు 23

ఒక రివ్యూలో ‘నర్సింహులు మాట విరుపు, మౌనం అద్భుతం, ఇన్నాళ్లూ ఈ నటుణ్ణి మనం గుర్తించలేదు’ అని రాశారు. నా పేరు ఎక్కడా లేదు. ఎప్పుడూ ఉండదు. ఆ విరుపూ ఆ మౌనమూ నేను అతని చెప్పుడులోంచి ఎత్తుకున్నవే కాబట్టి రాసింది తప్పేం కాదు. కన్ను గ్రాఫిక్స్ మాత్రం చేపకన్నులా ఉందట.

ఆగస్టు 24

వెళ్లి వచ్చాను. మా ఆవిడ నిద్రలేచాక చెబుతాను, ముందు రాసుకుంటాను.

చాలామంది వచ్చారు. ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకొచ్చారు, పెళ్లికొచ్చినట్టే. నర్సింహులు తెల్ల చొక్కాలో గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కర్నీ లోపలికి పంపుతున్నాడు. మెడ ఇప్పుడు సరిగ్గానే నిలబడింది. నన్ను చూసి ఎదురొచ్చి, తన వరసలోనే కూర్చోబెట్టాడు. అతను, అతని పక్కన చిలకమ్మ, ఆవిడ పక్కన నేను. పొట్టి మనిషి, గట్టి మనిషి. సినిమా మొదలై నా గొంతు రాగానే ఆవిడ చేతులు ముడుచుకుంది. విరామం దాకా అలాగే కూర్చుంది. మధ్యలో లేచి వెళ్లిపోతుందేమోనని చూశాను. వెళ్లలేదు.

జనం నవ్వారు, నవ్వాల్సిన చోట్ల. ఉల్లిపాయ దగ్గర ఈలలు వేశారు. కన్ను వచ్చినప్పుడు ముందు వరసలో ఎవరో చేప చేప అని అరిచారు.

చివరి సీను వచ్చింది. పోచయ్య నేల మీద పడుకున్నాడు. గొట్టానికి చెవి ఆనించాడు. తెర మీద పోచయ్య చిన్నగా నవ్వాడు, ఇటు పక్క సీట్లో నర్సింహులు భార్య మీదికి వంగాడు. ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టాడు. తెర మీద పెదవులు కదులుతుంటే ఇక్కడ అతని పెదవులూ కదిలాయి. హాలంతా నా గొంతు మోగింది, అది మనల్ని చూస్తోందని. చిలకమ్మ దాన్ని వినలేదు. తను విన్నదేమిటో నాకు తెలుసు. తెర మీద అతను ఆగాడు, పక్కన ఇతనూ ఆగాడు. తర్వాత రెండో మాట చెప్పాడు. ఆవిడ చేయి వచ్చి సీటు పిడిని గట్టిగా పట్టుకుంది. ఆ పిడి మీద నా చేయి ఉంది. ఆవిడ తన చేయి తీయలేదు, చూసుకోలేదనుకుంటాను.

రామ్మోహనరావు గారి కథ ఆ హాల్లో ఆవిడ ఒక్కదానికే చేరింది. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. ఏడుపొచ్చింది నాకు. లైట్లు వేసేలోగా తుడుచుకున్నాను.

బయట వరండాలో అందరూ నర్సింహులు చుట్టూ మూగి ఫోటోలు తీసుకుంటున్నారు. నేను మెట్ల వైపు జారుకుంటుంటే చిలకమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

“అన్నా, మీరు మస్తు కొట్లాడిన్రట గదా. గా ఒక్క మాట ఈయనది ఉంచున్రని మీరు చెప్తే ఆ సార్లు ఇనలేదట. ఈయన రోజు చెప్తడు మీ గురించి.”

నేను ఆవిడ భుజం మీదుగా చూశాను. నర్సింహులు జనంలోంచి వస్తున్నాడు. విన్నాడు. ఆవిడ పక్కకి వచ్చి నిలబడ్డాడు.

“అవు, అన్న ఒకసారి గాదు, రెండుసార్లు పోయి అడిగిండు,” అన్నాడు. తొణకలేదు. నా కళ్లలోకి సూటిగా చూస్తూ, స్నేహంగా అన్నాడు. “మంచి మనిషి.”

ఆవిడ నా వైపు తిరిగింది. ఏదో ఒకటి అనాలి కదా.

“చాలా చెప్పి చూశానమ్మా,” అన్నాను. “వాళ్లు ఒప్పుకోలేదు.”

గొంతు వణకలేదు. ఒక్క టేకులోనే వచ్చింది.